పలకలేని నోటికీ ఒక మాట ఉంది

(మోటార్ న్యూరాన్ వ్యాధిగ్రస్తుల కుటుంబాల కోసం కర్నూలు సమీపంలోని కల్లూరులో ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మంచం పట్టిన తమవారిని ఒక గంటసేపు పొరుగువారికి అప్పగించి ఈ సభకు వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. వారికి నా ప్రత్యేక సలాం.

మన సభల్లో సాధారణంగా వక్ఫ్ ఆస్తుల గురించి, రిజర్వేషన్ల గురించి, ఉర్దూ పాఠశాలల గురించి, ఉపకార వేతనాల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. అయితే హక్కులు శాసనసభల్లోనూ న్యాయస్థానాల్లోనూ మాత్రమే తేలేవి కావు. ఒక ఇంటి లోపలి గదిలో, ఒక మంచం చుట్టూ కూడా అవి నిలబడతాయి, లేదా మనకు తెలియకుండానే హరించుకుపోతాయి. తన మాట తాను చెప్పుకునే హక్కు అలాంటిది. నోరు పలకడం మానేసిన మనిషికి ఆ హక్కు ఎలా మిగులుతుంది, దానిని కాపాడవలసిన బాధ్యత ఎవరిది అన్నదే ఈనాటి విషయం.

మా ఇంటి నుంచే మొదలుపెడతాను. మా పెద్దన్నయ్యను మేమందరం భాయీజాన్ అనేవాళ్లం. మొదట ఆయన చేతికి పట్టు తప్పింది. తాళంచెవి తిప్పలేకపోయేవారు, చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేవారు. ఆరు నెలల తరువాత మాట ముద్దగా రావడం మొదలైంది. జీవితంలో మద్యం ముట్టని మనిషిని చూసి, బజారులో ఎవరో తాగి వచ్చాడేమో అన్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. ఆ తరువాత ఆయన బజారుకు వెళ్లడం మానేశారు. రెండో ఏడు గడిచేసరికి కాళ్లు, చేతులు, నాలుక, అన్నీ నిలిచిపోయాయి. మేము ఆయనను ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు అక్కడి డాక్టరు ఆయన తలాపిన నిలబడి, "ఈయనకు నొప్పి ఉంటోందా? ఈయన నిద్రపోతున్నాడా?" అని మమ్మల్ని అడిగారు. భాయీజాన్ కళ్లు తెరిచి ఆయన ముఖంలోకే చూస్తున్నారు. నేనూ ఆ రోజు, "డాక్టరుగారూ, ఆయననే అడగండి" అనలేదు. ఎందుకంటే ఆయనను ఎలా అడగాలో నాకూ తెలియదు.

ఒకసారి రెండు రోజులపాటు ఆయన తీవ్రంగా కలవరపడ్డారు. దాహమనుకుని చెంచాతో నీళ్లు తాగించాం. వీపు నొప్పి అనుకుని పక్కకు తిప్పాం. భయపడుతున్నారనుకుని తలాపిన కూర్చుని యాసీన్ సూరా చదివాం. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మూడో రోజు ఉదయం బంధువుల్లో ఒకాయన, "ఇక తెలివి తప్పింది, అడిగి లాభం లేదు" అని తేల్చేశారు. పదో తరగతి చదివే ఆయన కూతురు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. పాత క్యాలెండరు వెనుక తెలుగు అక్షరాలను వరుసలుగా రాసి తెచ్చి తండ్రి ఎదుట పట్టుకుంది. "అబ్బా, నేను వరుస చూపిస్తాను. మీ అక్షరం ఉన్న వరుస వస్తే కళ్లు పైకెత్తండి" అంది. అచ్చుల వరుస దగ్గరే ఆయన కళ్లు పైకి లేచాయి. మొదటి అక్షరం అ. తరువాత ప వరుసలో మ. తరువాత త వరుసలో న. మళ్లీ అదే వరుసలో త. నాలుగు అక్షరాలకు ఇరవై నిమిషాలు పట్టింది. అ, మ, న, త.

"అమానత్" అంది మా భాభీ.

మా వీధిలోని ఒక వితంతువు తన కూతురి పెళ్లి కోసం కూడబెట్టిన డబ్బును ఆయన దగ్గర దాచుకుంది. ఆ సంగతి ఇంట్లో మరెవరికీ తెలియదు. పుస్తకాల పెట్టె అడుగున కాగితంలో చుట్టి ఉన్న ఆ సొమ్మును తీసి, ఆయన చూస్తుండగానే ఆమెను పిలిపించి అప్పగించాం. ఆ రాత్రి ఆయన నిద్రపోయారు. ఏడు వారాల తరువాత కన్నుమూశారు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక.

సోదరులారా! ఆ బిడ్డ కాగితం తేకపోయి ఉంటే ఏమయ్యేది? ఒక పేదరాలి సొమ్ము పోయేది. ఒక విశ్వాసి తన మీది అమానత్ భారంతోనే వెళ్లిపోయేవాడు. ఆయనకు తెలివి తప్పిందని మేము జీవితాంతం నమ్మేవాళ్లం. ఆయనకు తెలివి తప్పలేదు. అడగడం మాకే చేతకాలేదు.

వ్యాధి ఏమి తీసుకుంటుంది, ఏమి మిగులుస్తుంది?

మెదడు నుంచి వెన్నుపాముకు, అక్కడి నుంచి కండరాలకు ఆజ్ఞలను చేరవేసే నాడీకణాలను మోటార్ న్యూరాన్లు అంటారు. ఈ వ్యాధిలో అవి ఒక్కొక్కటిగా నశిస్తాయి. ఆజ్ఞ అందని కండరం చిక్కిపోతుంది. నాలుక, పెదవులు, గొంతు, ఊపిరి తీసే కండరాలు కూడా అలాగే బలహీనపడతాయి. దీనిని పూర్తిగా నయం చేసే మందు ఈనాటికి లేదు. రిలుజోల్ వంటివి వ్యాధి వేగాన్ని కొంత తగ్గించగలవు. కొందరికి మొదట చేతులు, కాళ్లు పడిపోతాయి, మరికొందరికి మొదట మాట, మింగడం కష్టమవుతాయి. ఎటు మొదలైనా, వ్యాధి ముదిరేకొద్దీ అత్యధికులకు మాట ఇబ్బంది తప్పదు.

అయితే మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. కళ్లను కదిలించే కండరాలు చాలామందిలో చివరి దశ దాకా పనిచేస్తాయి. వినికిడి, చూపు, స్పర్శ సాధారణంగా ఉంటాయి. కొందరిలో ఆలోచనలోనూ ప్రవర్తనలోనూ మార్పులు వస్తాయన్నది నిజమే. కానీ మాట పోయింది కనుక బుద్ధి కూడా పోయిందనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. మాట వేరు, భాష వేరు. నోరు ఆగిపోయినా లోపల భాష నడుస్తూనే ఉంటుంది.

మన దక్షిణాది కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది మరొకటి ఉంది. 1970లో మద్రాసు వైద్యులు మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి ఈ వ్యాధిలో ఒక ప్రత్యేక రకాన్ని వర్ణించారు. దానికి మద్రాసు మోటార్ న్యూరాన్ వ్యాధి అన్న పేరు స్థిరపడింది. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర ప్రాంతాల నుంచే ఈ కేసులు ఎక్కువగా నమోదయ్యాయి. ఇది చిన్న వయసులోనే, ముప్ఫై ఏళ్లలోపే మొదలవుతుంది. ముఖం, నాలుక, గొంతు కండరాలు బలహీనపడతాయి. దానితోపాటు వినికిడి కూడా తగ్గుతుంది. కానీ వ్యాధి చాలా నెమ్మదిగా నడుస్తుంది, రోగులు ఏళ్ల తరబడి జీవిస్తారు. అంటే మాట పోయి, వినికిడి కూడా తగ్గిన ఒక యువకుడు దశాబ్దాలపాటు మన మధ్య ఉండవచ్చు. అతనికి అక్షరాలు చదివి వినిపించే పద్ధతి పనికిరాదు, వేలితో చూపించే పద్ధతే కావాలి. అందువల్ల ఈ వ్యాధి అనుమానం ఉన్న ప్రతి ఒక్కరికీ వినికిడి పరీక్ష కూడా చేయించండి.

ధర్మం ఏమి నేర్పింది?

సైగ చేసే మనిషిని తక్కువగా చూడడం మన సంప్రదాయం కాదు. జకరియ్యా (అలై) కొంతకాలం ప్రజలతో నోటితో కాక సైగలతోనే సంభాషించవలసి వచ్చిందని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. మర్యమ్ (అలై) నిందలు ఎదుర్కొన్న వేళ నోరు విప్పలేదు, ఊయలలోని బిడ్డ వైపు చేయి చూపించారు. ఆ సైగే ఆమె జవాబు. వారిద్దరూ రోగులు కారు, అవి దైవ నిదర్శనాలు. అయినా ఒక ప్రవక్త సైగను, ఒక పుణ్యవతి సైగను గ్రంథస్థం చేసిన ధర్మం మనది. అలాంటి ధర్మాన్ని అనుసరించేవాళ్లం మన రోగి సైగను ఎలా నిర్లక్ష్యం చేయగలం?

అనస్ బిన్ మాలిక్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఇంకా సూటిగా మన విషయానికే సంబంధించినది. మదీనాలో నగల కోసం ఎవరో ఒక బాలిక తలను రాళ్లతో నలగ్గొట్టారు. ఆమె కొన ఊపిరితో ఉంది, మాట్లాడలేదు. దైవప్రవక్త (స) ఆమెను ప్రశ్నించారు. ఒక పేరు చెప్పి ఇతడేనా అంటే కాదన్నట్టు సైగ చేసింది. మరో పేరుకూ కాదంది. నేరస్థుని పేరు రాగానే అవునన్నట్టు తల ఊపింది. ఆ తరువాత ఆ వ్యక్తిని పట్టి తెచ్చి విచారిస్తే అతడే నేరం ఒప్పుకున్నాడు. ఇమామ్ బుఖారీ ఈ హదీసును సైగల విలువను చెప్పే ప్రకరణంలో కూడా చేర్చారు.

ఈ సంఘటనలోని పద్ధతిని గమనించండి. ప్రవక్త (స) ఆ బాలిక పక్కనున్నవారిని అడగలేదు. ఆమెనే అడిగారు. ఒక్కొక్క పేరే చెప్పారు. అవునో కాదో చెప్పే అవకాశం ఆమెకే ఇచ్చారు. ఆ సైగ మీద విచారణ నడిపారు. నేడు వైద్యశాస్త్రం మాటలేని రోగికి నేర్పే పద్ధతి అచ్చంగా ఇదే. ఒక్కొక్కటిగా చెప్పడం, సైగ కోసం ఆగడం, నిర్ధారించుకోవడం.

ఫిఖ్‌హ్ పండితులు కూడా ఈ దారినే నడిచారు. హనఫీ ఫిఖ్‌హ్ ఆధారంగా ఉస్మానియా ఖిలాఫత్‌లో 1869 నుంచి 1876 వరకు క్రోడీకరించిన మజల్లా 70వ అధికరణం, మూగవారి పరిచితమైన సైగ నోటి మాటతో సమానమని సూత్రీకరించింది. అయితే పుట్టుకతో మూగవారికి, మధ్యలో మాట పడిపోయినవారికి మధ్య ఫుఖహాలు కొంత తేడా చర్చించారు. మధ్యలో మాట పోయినవారి సైగ స్థిరపడి, నలుగురికీ తెలిసినదై ఉండాలన్నారు. దీని నుంచి మనం గ్రహించవలసిన పాఠం స్పష్టం. ప్రాణం మీదికి వచ్చాక సైగలు వెతుక్కోకూడదు. మాట ఇంకా ఉండగానే అవును, కాదు అన్న సైగలు నిర్ణయించుకోవాలి. వాటిని ఇంటిల్లిపాదికీ, పొరుగువారికీ, మసీదు ఇమాముగారికీ తెలియజేయాలి. వసియ్యత్ వంటి విషయాల్లో ఆలింలను ముందుగానే సంప్రదించాలి.

న్యాయస్థానం మాటేమిటి అంటారా? 1885లో అలహాబాదు హైకోర్టు పూర్తి ధర్మాసనం ముందుకు ఒక కేసు వచ్చింది. దులారీ అనే యువతి గొంతు కోశారు. ఆమె మాట్లాడలేకపోయింది. ఒక్కొక్క పేరు చెప్పి అడిగితే చేతి సైగతో జవాబిచ్చింది, ఆ తరువాత మరణించింది. అడిగిన ప్రశ్నలు, ఆమె చేసిన సైగలు కలిసి మరణ వాంగ్మూలంగా చెల్లుతాయని ధర్మాసనం తీర్పు చెప్పింది. నోరు లేని సాక్షి సైగలతోనో రాతతోనో సాక్ష్యం చెప్పవచ్చన్న నియమం మన సాక్ష్య చట్టంలో ఈనాటికీ ఉంది. మదీనాలో ఆ బాలిక సైగకు లభించిన గౌరవాన్ని ఈ దేశపు చట్టం కూడా గుర్తించింది. దానిని గుర్తించవలసింది ఇక మన ఇళ్లే.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

ఇక ఆచరణకు వద్దాం. దీనికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. ఒక అట్ట, ఒక స్కెచ్ పెన్ను, కొంత ఓర్పు చాలు.

మొదటిది, అవును, కాదు. కళ్లు పైకెత్తితే అవును, ఒక పక్కకు తిప్పితే కాదు అని నిర్ణయించుకోండి. రెప్పపాటును సైగగా పెట్టుకోకపోవడం మంచిది. రెప్పలు వాటంతట అవే పడుతుంటాయి, ఏది సైగో ఏది కాదో తెలియదు. నిర్ణయించుకున్న సైగను పెద్ద అక్షరాలతో రాసి మంచం పైగోడకు అంటించండి. ఆసుపత్రికి తీసుకువెళితే ఆ కాగితాన్నీ తీసుకువెళ్లండి. రాత్రి డ్యూటీ నర్సుకు కూడా అది కనబడాలి.

రెండోది, అక్షరాల అట్ట. మన తెలుగు వర్ణమాల ఈ పనికి ఎంతో అనుకూలమైనది. హల్లులు వర్గాలుగానే పుట్టాయి. మొదటి వరుసలో అచ్చులు. రెండులో క వర్గం, మూడులో చ వర్గం, నాలుగులో ట వర్గం, అయిదులో త వర్గం, ఆరులో ప వర్గం. ఏడులో య, ర, ల, వ. ఎనిమిదిలో శ, ష, స, హ, ళ. ముందు వరుస అడగండి. సైగ వచ్చాక ఆ వరుసలోని అక్షరాలను ఒక్కొక్కటిగా చూపించండి. గుణింతాలు, వత్తులు వదిలేయండి. అయిదో వరుసలో ద, ఆరో వరుసలో ప, నాలుగో వరుసలో ట వస్తే "దుప్పటా?" అని అడగండి. పదం దొరికిందనుకున్నప్పుడు తప్పనిసరిగా అడిగి నిర్ధారించుకోండి. కాదంటే మళ్లీ మొదలుపెట్టండి. విసుగు ముఖంలో కనబడనీయకండి.

మన కర్నూలు ప్రాంతంలో మరొక సమస్య ఉంది. ఎందరో ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగు చదివారు. కొందరు పెద్దలకు ఉర్దూ లిపి మాత్రమే వచ్చు. నూర్‌బాషా సోదరులు చాలామంది ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారు. కనుక అట్ట ఏ లిపిలో ఉండాలన్నది రోగినే అడగాలి. ఉర్దూ అట్ట కావాలంటే, మక్తబ్‌లో ఖాయిదా చదివిన ప్రతివారికీ తెలిసిన పద్ధతిలోనే ఒకే ఆకారం గల అక్షరాలను ఒక వరుసలో పెట్టండి. బే, పే, తే, టే, సే ఒక వరుస. జీమ్, చే, హే, ఖే మరొక వరుస. భాయీజాన్ ఉర్దూ మాటను తెలుగు అక్షరాలతో చెప్పారు. అదీ సాధ్యమే. చదువు రానివారికి బొమ్మలు చాలు: నీళ్లు, దుప్పటి, ఫ్యాను, నొప్పి ఎక్కడో చూపడానికి మనిషి ఆకారం, వుజూ, నమాజు వేళ. ఏది లేకపోయినా, ప్రతి అట్ట మీదా ఒక మాట మాత్రం తప్పక ఉండాలి: "మీరు అడుగుతున్నది అది కాదు, వేరే విషయం." ఆ ఒక్క మాట మా ఇంట్లో ఉండి ఉంటే ఆ రెండు రోజుల వేదన తప్పేది.

మూడోది, అడిగే మర్యాద. ఒక ప్రశ్నలో రెండు విషయాలు కలపకండి. "టీ కావాలా, పాలు కావాలా?" అంటే అవును, కాదులతో ఎలా జవాబిస్తారు? ఆయన పదం పూర్తి చేయకముందే మీరు పూర్తి చేయాలనుకుంటే, ముందు అనుమతి అడగండి. వెలుతురు ముఖం మీద కాక అట్ట మీద పడాలి. కళ్లద్దాలు శుభ్రంగా తుడవండి. అలసట తక్కువగా ఉండే ఉదయం వేళ ముఖ్యమైన విషయాలు మాట్లాడండి. రోగిని పరామర్శించడం మన ధర్మంలో పుణ్యకార్యం. కానీ ఇయాదత్ పేరుతో పదిమంది మంచం చుట్టూ చేరి ఒకరితో ఒకరు మాట్లాడుకుని వెళ్లిపోతే అది పరామర్శ కాదు. ఒక్కరు వెళ్లండి. మంచం పక్కన కూర్చోండి. అట్ట చేతిలోకి తీసుకోండి. ఆయన ఒక్క మాట చెప్పేవరకు ఉండండి.

సాంకేతిక సాధనాలు లేకపోలేదు. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, ఇరవై ఒకటో ఏట ఈ వ్యాధి బయటపడింది. 1985లో న్యుమోనియా వచ్చి గొంతుకు రంధ్రం చేయవలసి రావడంతో మాట పూర్తిగా పోయింది. అప్పుడు ఆయన కూడా అక్షరాల అట్టతోనే మొదలుపెట్టారు. సరైన అక్షరం మీద వేలు పడగానే కనుబొమ్మలు ఎగరేసేవారు. కంప్యూటరు ఆ తరువాత వచ్చింది. చివరి సంవత్సరాల్లో చెంప కండరం కదలికతోనే దానిని నడిపారు. 2018లో మరణించేదాకా రాస్తూ, ప్రసంగిస్తూనే ఉన్నారు. నేడు కంటిచూపును గుర్తించే పరికరాలు ఉన్నాయి. తెలుగు రాతను చదివి వినిపించే సదుపాయం మామూలు సెల్‌ఫోన్లలోనూ ఉంది. మాట పూర్తిగా పోకముందే రోగి గొంతును ఫోనులో భద్రపరచండి. పిల్లలను పేరు పెట్టి పిలిచే పిలుపు, దుఆ, సలాం, ఏదైనా సరే. కానీ ఫోను చార్జింగు అయిపోతుంది, కరెంటు పోతుంది. అట్టకు ఆ బాధ లేదు. పరికరం ఉన్న ఇంట్లోనూ అట్ట ఉండాలి.

వేలిముద్ర ఎవరిది?

ఇప్పుడు కటువైన విషయం ఒకటి చెప్పాలి. మాట పోయిన మనిషి వేలు ఇంకా మిగిలే ఉంటుంది. ఆ వేలును సిరా మీద అద్ది, కాగితం మీద ఒత్తడం సులభం. ఇల్లు, పొలం, బ్యాంకు ఖాతా ఎవరి పేరిటనో మారిపోతాయి. ఇది శత్రువులు చేసే పని కాదు, సాధారణంగా దగ్గరివారే చేస్తారు. "ఆయనకు ఇష్టమే, కళ్లతో చెప్పాడు" అంటారు. నిజంగా చెప్పారా?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. సంభాషణ అంటే నోటి మాట మాత్రమే కాదని, సంకేతాలు, రాత, దృశ్య రూపాలు, ప్రత్యామ్నాయ పద్ధతులు కూడా సంభాషణేనని ఆ చట్టం నిర్వచించింది. వైకల్యం ఉన్నవారికి ఇతరులతో సమానంగా ఆస్తి కలిగి ఉండే హక్కునూ, ఆర్థిక వ్యవహారాలు నడుపుకునే హక్కునూ 13వ సెక్షన్ గుర్తించింది. ఏదైనా ఆస్తి వ్యవహారంలో సహాయకునికి స్వప్రయోజనం అడ్డు వస్తే, ఆ వ్యవహారంలో సహాయం చేయకుండా అతడు తప్పుకోవాలని కూడా చెప్పింది. రిజిస్ట్రేషను కార్యాలయానికి రాలేనివారి ఇంటికే అధికారి రావడానికి రిజిస్ట్రేషను చట్టం వీలు కల్పిస్తోంది.

కనుక ఆస్తి విషయం వచ్చినప్పుడు కొన్ని నియమాలు పాటిద్దాం. అట్ట పట్టుకునే మనిషి వారసుడు కాకూడదు. ఇద్దరు సాక్షులు ఉండాలి. ప్రశ్నను తిప్పి రెండోసారి అడగాలి: మొదట "ఇల్లు పెద్దకొడుక్కా?" అంటే, తరువాత "ఇల్లు పెద్దకొడుక్కు వద్దా?" అని. జవాబు తప్పక కాదు అని రావలసిన ప్రశ్న ఒకటి మధ్యలో వేసి, సైగ నిజమైనదో కాదో చూసుకోవాలి. రోగి చెయ్యి పట్టుకుని అక్షరాల మీదికి మనమే కదపడం ఎన్నడూ చేయకూడదు. ఆ మాట అప్పుడు ఆయనది కాదు, మనది. సాధ్యమైతే మొత్తాన్నీ వీడియో తీయాలి. వారసత్వానికి షరీఅత్ నిర్ణయించిన వాటాలు ఉన్నాయి, వసియ్యత్‌కు మూడోవంతు హద్దు ఉంది. మౌనంగా పడుకున్న మనిషి వేలితో ఆ హద్దులను చెరపడం కన్నా పెద్ద ఖియానత్ ఏముంటుంది?

చికిత్స విషయమూ ఇంతే. ఊపిరి కష్టమైన దశలో గొంతుకు రంధ్రం చేయాలా, వెంటిలేటరు మీద పెట్టాలా అన్నది కుటుంబం ఆసుపత్రి వరండాలో ఏడుస్తూ తీసుకునే నిర్ణయం కాకూడదు. రోగిని ముందుగా, స్థిమితంగా ఉన్నప్పుడే అడగాలి. చికిత్స గురించి ముందస్తు ఆదేశం రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో దాని విధానాన్ని సులభతరం చేసింది. ఏమి కోరాలన్నది ఆలింలతోనూ వైద్యులతోనూ మాట్లాడి ఆ మనిషే నిర్ణయించుకోవాలి. ఆయన చేత ఆ మాట చెప్పించడం వరకే మన పని.

మనం అడగవలసినవి, మనం చేయవలసినవి

ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి ఉన్నాయి. 2016 చట్టం అనుబంధంలో దీర్ఘకాలిక నాడీ వ్యాధులకు ఉదాహరణలుగా మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్ వ్యాధుల పేర్లే ఉన్నాయి, మోటార్ న్యూరాన్ వ్యాధి పేరు లేదు. అవి ఉదాహరణలే కనుక మనవారికి దారి మూసుకుపోలేదు. చలన వైకల్యం, మాట వైకల్యం, నాడీ వ్యాధి, ఈ మూడింటినీ పరిశీలించమని సదరం శిబిరంలో రాతపూర్వకంగా కోరండి. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు రూ. 6,000. పక్షవాతంతోనో తీవ్రమైన కండరాల క్షీణతతోనో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి రూ. 15,000. ఈ రెండో వర్గంలో మోటార్ న్యూరాన్ రోగులను పేరుపెట్టి చేర్చమని మనం ఒత్తిడి చేయాలి. వార్డు సచివాలయంలో దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.

ప్రభుత్వ ఆసుపత్రులలో నాడీ విభాగం పక్కనే మాట చికిత్స నిపుణులు ఉండాలి. ప్రతి వార్డులో తెలుగు, ఉర్దూ అక్షరాల అట్టలు ఉండాలి. దీనికయ్యే ఖర్చు ఎంత? ఒక పూట మందుల ఖర్చు కూడా కాదు. ఉర్దూకు మన రాష్ట్రంలో అధికార భాష హోదా ఉంది. ఆ హోదా బోర్డుల మీద రాతకే పరిమితమైతే లాభం లేదు, మంచం మీది మనిషికి అందితేనే దానికి అర్థం.

మన వంతు కూడా ఉంది. ప్రతి మసీదు పరిధిలో ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ఈ పద్ధతి నేర్చుకోవాలి. మహిళా రోగికి మహిళే సహాయకురాలు కావాలి. ఆమె బాధ పరాయి మగవాడికి చెప్పుకోలేనిది కావచ్చు, భర్తకు కూడా చెప్పలేనిది కావచ్చు. పేద రోగికి కావలసిన పరికరానికి జకాత్ సొమ్ము ఇవ్వవచ్చునేమో మీ ఆలింలను అడగండి. పక్షవాతంతో మాట పోయినవారికి, ఆపరేషను తరువాత గొంతు పోయినవారికి కూడా ఈ అట్ట పనికివస్తుంది. ఇందులో మతం అడ్డు రాదు. పక్క వీధి హిందూ సోదరుని ఇంటికీ ఈ అట్ట పట్టుకుని వెళ్లండి.

మూసా (అలై) ఫిరౌను దగ్గరికి వెళ్లవలసి వచ్చినప్పుడు తన నాలుక ముడి విప్పమని ప్రార్థించారు. అంతటితో ఆగక, తనకంటే స్పష్టంగా మాట్లాడే తన సోదరుడు హారూన్‌ను (అలై) సహాయకునిగా ఇవ్వమని అర్థించారు. హారూన్ (అలై) తన సొంత మాట చెప్పడానికి వెళ్లలేదు. సోదరుని సందేశానికి గొంతు ఇవ్వడానికి వెళ్లారు. మంచం పక్కన కూర్చునే మనం చేయవలసిన పనీ అదే.

ఇక్కడ తలుపు దగ్గర బల్ల మీద తెలుగు అట్టలు, ఉర్దూ అట్టలు పెట్టాం. వెళ్లేటప్పుడు తీసుకోండి. ఈ రాత్రే మీ వారి ముందు పట్టుకోండి. ముందుగా నీళ్లు కావాలా అని అడగకండి. "మీరు నాకు ఏదైనా చెప్పాలనుకుంటున్నారా?" అని అడగండి. కళ్లు పైకి లేస్తే, తెల్లవారినా సరే, కూర్చోండి.

మన రోగులందరికీ అల్లాహ్ స్వస్థత, ఓర్పు ప్రసాదించుగాక. వారి మాట వినే చెవులను, వారి సైగను చదివే కళ్లను మనకు ప్రసాదించుగాక. ఆమీన్.